వాలు దగ్గర ఆగిన గొలుసు

శాసనాలను చదవటం, కైఫీయతులను పరిష్కరించటం తెలుగు ఎం.ఏ. చేసినవాడి పనేనని అందరూ ఒప్పుకుంటారు. ప్రభుత్వ సర్వే రిపోర్టులను చదవటం మాత్రం మన పని కాదని నా తోటి అధ్యాపకులే అంటుంటారు. ఈ విభజన ఎక్కడనుంచి వచ్చిందో నాకు బోధపడదు. కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ ప్రధానంగా సర్వేయరు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కరణాల చేత, పెద్దల చేత చెప్పించి రాయించిన కథలు ఆ కొలువు నీడలో పుట్టినవే. భూమి విస్తీర్ణంతో పాటు ఆ భూమి మీద ఎవరికి ఏ హక్కు వున్నదో కంపెనీకి తెలియవలసివచ్చింది. ఆ అవసరం మనకు ఒక వాఙ్మయాన్ని మిగిల్చింది. కాబట్టి సర్వే రిపోర్టు కూడా ఒక గ్రంథమే. దానికీ కర్త వున్నాడు, పోషకుడు వున్నాడు, అంకితం పుచ్చుకున్నవాడూ వున్నాడు. ఒక ప్రబంధాన్ని చేతికి తీసుకున్నప్పుడు ఇది ఎవరి కొలువులో పుట్టిందని అడుగుతాం గదా! విశాఖ మన్యం మీద రెండు వందల యేళ్లుగా సాగిన సర్వేలను గురించి ఆ ప్రశ్నే అడగాలని నా ఉద్దేశం.

అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైచిలుకు ఎత్తున వున్నది. దాని చుట్టూ వున్న అనంతగిరి, గాలికొండ, మాడుగుల కొండలు ఉత్తరాంధ్ర మైదానానికి నీటితొట్లవంటివి. గోస్తనీ, శారద, వరాహ, తాండవ ఇటు తూర్పుకు దిగి సముద్రంలో కలుస్తాయి. మాచ్‌ఖండ్ అటు పడమరగా ఒడిశాలోకి పోయి, సీలేరుగా పేరు మార్చుకొని, శబరి ద్వారా గోదావరిని చేరుతుంది. ఈ కొండలలో కొండదొరలు, బగతలు, కోదులు, పోర్జాలు, గదబలు, కొటియాలు, వాల్మీకులు వున్నారు. వారి సేద్యం రెండు విధాలు. గెడ్డ వెంబడి రాళ్లకట్టలు పేర్చి, నేలను మెట్లు మెట్లుగా సరిచేసి వరి నాటే పల్లపు సేద్యం ఒకటి. వాలు మీద గొడ్డలితో, నిప్పుతో, గునపంతో సాగే పోడు రెండవది. చోళ్లు, సామలు, కందులు, వలిసెలు ఆ పోడుమీద పండేవే. మొదటిది కంటికి పొలంలా కనపడుతుంది. రెండవది అడవిలా కనపడుతుంది. సర్వేయరుకు చిక్కు ఇక్కడే మొదలైంది.

రెవెన్యూ మాటలను కొంచెం పరిశీలించితే ఈ చిక్కు వెనక వున్న దృష్టి బయటపడుతుంది. భూమి కొలతకు మనకు పాతమాట పైమాషీ. పారశీకం నుంచి వచ్చింది. పంటల వివరాలు రాసే లెక్క అడంగలు. తమిళం నుంచి దిగింది. ఆ తమిళం నుంచే వచ్చిన మరొక మాట పోరంబోకు. లెక్కకు వెలుపల వున్నది అని దాని అసలు అర్థం. అంటే శిస్తు రాని నేల. చెరువుగట్టు, గెడ్డ, శ్మశానం, మందబయలు, కొండ అన్నీ పోరంబోకులే. ఊరంతా కలిసి బతికే చోటు ఏదో అది సర్కారు పుస్తకంలో పోరంబోకు. ఆ మాట మైదానపు ఊళ్లలో పనీపాటా లేనివాణ్ణి తిట్టే తిట్టుగా మారటం కేవలం భాషాశాస్త్ర విశేషం కాదు. శిస్తు కట్టనిది పనికిరానిదనే భావం కచ్చేరీలోనుంచి వీధిలోకి నడిచివచ్చింది.

విశాఖపట్నం జిల్లాలో శాశ్వత సెటిల్‌మెంటు 1802లో జరిగింది. జయపురం, మాడుగుల వంటి జమీందారుల మీద పేష్కషు నిర్ణయించి కంపెనీ చేతులు దులుపుకున్నది. కొండలను ఎవరూ కొలవలేదు. జమీందారు కింద ముఠాదారు, ముఠాదారు కింద ఊరిపెద్ద, వాడి కింద నాగళ్ల లెక్కన, పంట లెక్కన సొమ్ము చెల్లించే రైతు. 1839 నాటి చట్టం ఈ కొండప్రాంతాలను మామూలు కోర్టులనుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా చేసి అతనికి అప్పగించింది. ఏజన్సీ అన్న మాట అప్పటినుంచి వచ్చింది. మద్రాసు రాజధానిలో రెవెన్యూ సర్వే 1858 తరువాత విస్తారంగా సాగినా, దాని గొలుసు కొండ మొదట్లోనే ఆగిపోయింది. జ్వరాలకు భయపడి ఆగిందని కొందరు రాశారు. జ్వరం నిజమే, మన్యపు జ్వరానికి బలికాని సర్వే బృందం అరుదు. కాని లాభం వున్నచోట తెల్లదొరలు జ్వరాన్ని లెక్కచేసిన దాఖలా ఎక్కడా లేదు. కొలత ఖర్చుకు సరిపడా శిస్తు రాదని తెలుసు కనుకనే గొలుసు ఆగింది.

అడవి విలువ పెరిగిన రోజున లెక్క మారింది. రైలుపట్టాల కింద వేసే దిమ్మలకు కలప కావలసివచ్చింది. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చింది. భూమిని కొలవలేని ప్రభుత్వం అడవికి మాత్రం హద్దురాళ్లు నాటగలిగింది. ఆ హద్దులోపలి పోడు ఒక్కరోజులో నేరమైంది. 1879 నాటి రంప పితూరీ కల్లు పన్నుల దౌర్జన్యం మీద లేచింది. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గూడెం కొండలు మండటానికి పోడు నిషేధమూ, రోడ్డుపనిలో వెట్టిచాకిరీ దగ్గరి కారణాలు. ఈ కథ మన పాఠకులకు తెలిసినదే కనుక వివరించను. రోడ్డుకు ముందు సర్వే వచ్చిందనీ, ఆ సర్వే కొండవాడిని అడగకుండా వచ్చిందనీ గుర్తుచేస్తే చాలు.

ఇక భూగర్భశాస్త్రం సంగతి. బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని పర్యాటకుల కరపత్రాలనుంచి పాఠ్యపుస్తకాల దాకా రాస్తూనే వున్నారు. భారత భూగర్భ సర్వే స్థాపితమైంది 1851లో. విలియం కింగ్ ఆ సంస్థకు అధిపతిగా వున్నది 1887 నుంచి 1894 వరకు. విశాఖపట్నం జిల్లా భూగర్భ నిర్మాణాన్ని గురించి అతని వ్యాసం వెలువడింది 1886లో. పుట్టని సంస్థ తరఫున పుట్టని మనిషి వచ్చి గుహను కనుగొన్నాడన్న మాట! ఒక్కరూ కాలండరు తిప్పి చూడలేదు. తేదీ తప్పు కావటం చిన్న సంగతి. కనుగొన్నాడు అనే క్రియ తప్పు కావటం పెద్దది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి తవ్వకాలలో అక్కడ రాతియుగపు పనిముట్లు దొరికాయి. పశువుల కాపరి ఆవు కొండమీది రంధ్రంలో పడిపోయిందనీ, దాన్ని వెతుక్కుంటూ పోతే గుహా, లింగమూ కనిపించాయనీ స్థానికులు చెప్పే కథ వున్నది. బొర్ర అంటేనే ఒడియా నుడిలో రంధ్రం. గోస్తనీ అన్న నది పేరు ఆవు పొదుగును తలపిస్తుంది. పేరూ, కథా, పూజా అన్నీ వున్న చోటును కొత్తగా కనుగొనటం ఎలా సాధ్యం?

రాళ్లకు పెట్టిన పేర్లు ఇంతకంటె ఆసక్తికరంగా వుంటాయి. తూర్పు కనుమలలో రెండు జాతుల శిలలు ముఖ్యం. ఒకదానికి 1900లో హాలండ్ చార్నొకైటు అని పేరు పెట్టాడు. కలకత్తాలో కంపెనీ వర్తకుడు జాబ్ చార్నొక్ సమాధిమీది రాయి ఆ జాతిదట. రెండవదానికి 1902లో కలహండి సంస్థానంలో పనిచేసిన వాకర్ ఖొండలైటు అని పేరు పెట్టాడు. అక్కడి ఖొండుల పేరు అది. మన మన్యంలో వారినే కోదులంటాం. వర్తకుడికి సమాధి మీద రాయి దక్కింది. కోదుకు తన కాళ్లకింది కొండే తన పేరుమీద నమోదైంది, పట్టా మాత్రం రాలేదు. ఆ ఖొండలైటు లక్షల యేళ్లు వానకు నాని, ఎండకు మాగి, పైపొరలో సిలికాను పోగొట్టుకుంటే మిగిలేది బాక్సైటు. దానికి పేరు ఫ్రాన్సులోని లె బో అనే ఊరినుంచి వచ్చింది. కోదుల రాయికి విలువ వచ్చేసరికి పేరు కూడా చేయి మారిందని నా విద్యార్థి ఒకడు అన్నాడు. శాస్త్రరీత్యా ఆ మాట నిలవదు గాని, చరిత్రరీత్యా కొట్టిపారవెయ్యటానికి నాకు మనసొప్పలేదు.

స్వాతంత్ర్యం తరువాత సర్వేల స్వరం మారింది. ప్రజలకోసం అన్న మాట ప్రతి రిపోర్టు మొదటి పేజీలోకి వచ్చింది. అందులో నిజాయితీ లేదని నేను అనను. 1956లో దేశం మొత్తంమీద ఎంపికచేసిన 43 ప్రత్యేక బహుళార్థసాధక గిరిజన బ్లాకులలో అరకు ఒకటి. ఆ బ్లాకుల పనిని విమర్శిస్తూ వెరియర్ ఎల్విన్ కమిటీ 1960లో ఇచ్చిన నివేదికను ఈనాడు చదివినా సిగ్గు కలుగుతుంది. కాని పెద్ద డబ్బు పోయింది బ్లాకులకు కాదు. మాచ్‌ఖండ్ మీద డుడుమా జలపాతం ఐదువందల అడుగులకు పైగా దూకుతుంది. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొని, ఎగువన జలపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా విద్యుత్కేంద్రాన్ని ప్రారంభించాయి. దాదాపు మూడువేల కుటుంబాలు నేల వదిలాయి. సగానికి పైగా ఆదివాసులు. పునరావాసం దక్కింది ఏ ఆరువందల కుటుంబాలకో. ఆ రోజుల్లో ఆనకట్టలమీద మన అభ్యుదయ కవులు ఎన్ని గేయాలు రాశారో! చీకటిని జయించిన మానవుడిని కీర్తించారు. కీర్తించటం తప్పని ఎలా అంటాం? కరెంటు మైదానానికి దిగి విశాఖలో యంత్రాలు తిప్పింది, దీపాలు వెలిగించింది. కాని ఆ గేయాలలో జలపుట్ కింద మునిగిన ఊరు ఒక్కటీ కనిపించదు. మన విమర్శకులు ఈ లోటును ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

జలాశయం నిండగానే మరొక సర్వే వచ్చింది. పూడిక పడితే జలాశయం ఆయుష్షు తగ్గుతుంది. 1958లో అఖిలభారత మృత్తికా, భూవినియోగ సర్వే సంస్థ ఏర్పడింది. మూడవ ప్రణాళికలో నదీలోయ పథకాల పరీవాహక ప్రాంతాలలో నేలకోత నివారణ మొదలైంది. మాచ్‌ఖండ్–సీలేరు ప్రాంతం కూడా ఆ జాబితాలో చేరింది. నేలను ఒకటినుంచి ఎనిమిది తరగతులుగా విభజించే పద్ధతిలో నిటారు వాలులన్నీ చివరి తరగతులలోకి పోతాయి. వాటి ఎదుట సేద్యానికి పనికిరాదు అని రాసివుంటుంది. తరతరాలుగా చోళ్లు పండించి పిల్లలను సాకిన నేల ఎదుట! పూడికకు దోషి ఎవరయ్యా అంటే పోడు. దిమ్మల కలపకోసం కొండలు బోడిచేసిన కాంట్రాక్టరు ఆ నేరాల పట్టికలో ఎక్కడా కనిపించడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ముఠాదారీని రద్దుచేసే రెగ్యులేషను 1969లోనూ, షెడ్యూల్డు ప్రాంతాలకు రైతువారీ సెటిల్‌మెంటు రెగ్యులేషను 1970లోనూ వచ్చాయి. అంతకుముందే 1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషనును 1970లో పదును పెట్టారు. ఇవి సామాన్యమైన చట్టాలు కావు, పోరాటాల ఫలితాలు. గొలుసు చివరకు కొండ ఎక్కింది. కాని ఎంతదాకా ఎక్కింది? గెడ్డవెంబడి మెట్లపొలాలకు పట్టాలు వచ్చాయి. వాలు మీది పోడు చాలావరకు అడవి పేరుతోనో, కొండ పోరంబోకు పేరుతోనో సర్కారులో మిగిలింది. ఇవే కొండలు సరిహద్దు దాటి కొనసాగే ఒడిశాలో ఈ నియమం ఇంకా స్పష్టం. అక్కడి సెటిల్‌మెంటులో 10 డిగ్రీలకు మించిన వాలును రైతు పేర కొలవలేదు. అది ప్రభుత్వ భూమి అయిపోయింది.

నీటి లెక్క చూడండి. భూగర్భజలాలను దేశమంతటా అంచనా కట్టటానికి 1984లో, 1997లో, 2015లో కేంద్ర కమిటీలు పద్ధతులు నిర్ణయించాయి. 1997 పద్ధతి ప్రకారం 20 శాతానికి మించిన వాలున్న కొండప్రాంతాన్ని లెక్కనుంచి ముందే తీసివెయ్యాలి. వాననీరు అక్కడ ఇంకదు, జారిపోతుంది అని కారణం. 20 శాతమంటే నూరడుగులు ముందుకు నడిస్తే ఇరవై అడుగులు ఎత్తు ఎక్కటం; డిగ్రీలలో చెబితే దాదాపు 11. ఒకటి రెవెన్యూవారి గీత, రెండవది నీళ్లవారి గీత. ఇద్దరూ కలిసి కూర్చొని మాట్లాడుకున్నది లేదు. అయినా రెండు గీతలూ కొండమీద ఇంచుమించు ఒకే చోట పడ్డాయి. ఆ గీతకు ఎగువన పోడు భూమి కాదు, ఊట నీరు కాదు. అక్కడ బతికే మనిషి మాత్రం ఆ భూమిమీద పండించుకొని, ఆ ఊటనుంచే తెచ్చుకొని తాగుతున్నాడు.

ఇది సాంకేతికమైన ఇబ్బంది మాత్రమే, వాలును కొలవటం కష్టం అని ఒక సమాధానం చెబుతారు. ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో ఒక గిరిజనాభివృద్ధి పథకం కింద 30 డిగ్రీల వాలు దాకా కొలిచి పట్టాలు ఇచ్చారు. 2006 అటవీహక్కుల చట్టం అమలులోకి వచ్చాక మన మన్యంలో జి.పి.ఎస్. యంత్రం పట్టుకొని పోడుభూముల చుట్టూ నడిచారు. కావాలనుకుంటే గొలుసు ఎక్కగలదన్న మాట. అసలు అంతకుముందే 1960లలో బైలదిల్లా ఇనుపరాయిని జపానుకు పంపటానికి కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం కోసం ఇవే కొండలను అంగుళం అంగుళం కొలిచి, సొరంగాలు తొలిచి, శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు రైలును ఎక్కించారు. ఇనుముకోసం ఎక్కిన కొలత చోళ్లకోసం ఎక్కలేకపోయిందంటే నమ్మేదెవరు?

1970లలో భూగర్భ సర్వేవారు తూర్పుకనుమల శిఖరాలమీద బాక్సైటు నిల్వలను గుర్తించారు. మన రాష్ట్రంలో గాలికొండ, రక్తకొండ, చిత్తమగొంది, జెర్రెల, సప్పర్ల వంటి చోట్ల కలిపి సుమారు 60 కోట్ల టన్నులన్నారు. ఒడిశాలో పంచపట్మాలి తవ్వకానికి 1981లో నాల్కో ఏర్పడింది. ఆ నిల్వలు వుండేది కొండ నెత్తిన, టోపీలాగా. ఆ టోపీ రంధ్రాలు రంధ్రాలుగా వుండి వాననీటిని పీల్చుకుంటుంది. దాని అడుగున మెత్తని బంకమట్టి పొర వున్నది. నీరు అక్కడ ఆగి, పక్కలకు జరిగి, వాలు మీద ఊటలై బయటపడుతుంది. వేసవిలోనూ గెడ్డలు పారటానికి ఇది ఒక కారణం. టోపీ తీస్తే నీరు ఇంకా సులభంగా ఇంకుతుందని గనులపక్షంవారు వాదిస్తారు. ఇంకవచ్చు; కాని నీటిని నిలవచేసే మందమే పోయాక ఇంకిన నీరు ఎన్ని నెలలు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఊటలను యేడాది పొడుగునా కొలవాలి. టన్నులు కొలిచినంత శ్రద్ధగా కొలవాలి.

బొర్రా చుట్టుపట్ల 14 గ్రామాల కథలో ఈ రెండు పోగులూ కలుస్తాయి. అక్కడి నేలలో గనుల కౌళ్లు గిరిజనేతర కంపెనీలకు ఇచ్చారు. ఊళ్లవారి సేద్యానికి పట్టాలు లేవు. సమత అనే సంస్థ సుప్రీంకోర్టుదాకా పోయింది. 1997 జులై 11న వచ్చిన తీర్పులో, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు కౌలుకివ్వటం చెల్లదని అధికసంఖ్యాక న్యాయమూర్తులు తేల్చారు. ప్రభుత్వ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వుకోవచ్చునన్నారు. ఆ సందును పట్టుకొని, తవ్వకం ప్రభుత్వ సంస్థ పేర, శుద్ధి కర్మాగారం ప్రైవేటు పేర పెట్టి 2005లోనూ, 2007లోనూ ఒప్పందాలు కుదిరాయి. 2015 నవంబరులో 1,212 హెక్టార్ల అడవిని తవ్వకానికి మళ్లిస్తూ జి.వో. 97 వచ్చింది. మన్యం లేచింది. జి.వో. అటకెక్కింది, 2019లో రద్దయింది. బాక్సైటు అక్కడే వున్నది కాబట్టి ఈ అధ్యాయం ముగిసిందని నేను అనుకోవటం లేదు.

ఈలోగా కొత్త సర్వే వచ్చింది. ఈసారి విలువ రాయిలో లేదు, వాలులోనే వున్నది. సూర్యకాంతినుంచి వచ్చే కరెంటు పగలు మిగిలిపోతుంది, రాత్రికి చాలదు. మిగిలిన కరెంటుతో కిందిచెరువు నీటిని పైచెరువుకు తోడి, సాయంత్రం వదిలి టర్బయిన్లు తిప్పాలి. వీటినే పంప్డ్ స్టోరేజి పథకాలంటున్నారు. దీనికి రెండు చెరువుల మధ్య ఎత్తు ఎంత వుంటే అంత లాభం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించినవాటిలో అనంతగిరి మండలంలోని పెదకోట పథకం ఒక్కటే 1,000 మెగావాట్లు. సేద్యానికి పనికిరాదని రాసిన వాలు, నీటి లెక్కనుంచి తీసివేసిన వాలు, పట్టాకు అడ్డం వచ్చిన వాలు ఇంజనీరు కాగితంమీద వనరుగా మారిపోయింది. బొగ్గు తగ్గాలి, భూగోళం వేడి తగ్గాలి అన్న లక్ష్యాన్ని నేను కాదనను. మాచ్‌ఖండ్ నాడు కూడా లక్ష్యం మంచిదే.

సర్వేలు వద్దనే వాదన మనలో కొందరు చేస్తున్నారు. నేను దాన్ని ఒప్పుకోను. కొలవకపోవటం ఈ కొండలను ఎన్నడూ కాపాడలేదు. కొలవని నేలే అటవీశాఖకు, కంపెనీకి సులువుగా చిక్కింది. కావలసింది గీతకు ఎగువన వున్నదాన్ని రాసుకోవటం. అటవీహక్కుల చట్టం కింద 2008 మొదట్లో వచ్చిన నియమాలలో ఒక విశేషం వున్నది. కాగితం లేనివాడు రాళ్లకట్టను, చదునుచేసిన నేలను, శ్మశానాన్ని, పూజాస్థలాన్ని రుజువుగా చూపవచ్చు. పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ రుజువే. కైఫీయతుల పద్ధతి రెండువందల యేళ్ల తరువాత గ్రామసభ చేతికి వచ్చింది.

ఈ పని మన సంఘ శాఖలు ఎందుకు చెయ్యకూడదు? సర్వే పటంలో ఒక సెంటీమీటరు అరకిలోమీటరుకు సమానం. ఇంటివెనక ఊట దానిలో చుక్కగానైనా పట్టదు. అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి మండలాలలో ఊరూరికీ ఎన్ని ఊటలున్నాయో, కువిలో, గదబలో, ఆదివాసి ఒడియాలో వాటిని ఏమని పిలుస్తారో, ఏ నెలలో ఏది సన్నగిల్లుతుందో రాసుకోవటానికి థియొడొలైటు అక్కరలేదు. కొండ కళాశాలల్లో చదివే ఆదివాసి విద్యార్థులకు ఆ భాషలు వచ్చు, మనకు రావు. కాబట్టి పేజీమీద మొదటి పేరు వాళ్లది వుండాలి. పెదకోట పథకపు నివేదికను తెలుగులోనూ, కువిలోనూ గ్రామసభ ఎదుట చదివించాలని అడగటం కూడా ఈ పనిలో భాగమే. వానలు వెళ్లిన తరువాత, పుష్యమాసం నుంచి మొదలుపెడితే చైత్రవైశాఖాల దాకా ఊటల తీరు చూడవచ్చు.